మా మనిషి

ఫర్ముల రిజిస్ట్రేషన్ ఆఫీసులో సునీల్ సారు బల్ల ముందు ఒకటే కుర్చీ ఉంది. వచ్చినవాళ్లలో ఎవరు కూర్చోవాలో, ఎవరు నిలబడాలో ఆ సారు చూపులోనే తేలిపోతుంది. తెల్లని లాల్చీలో ఉన్న దస్తగిరిని చూసి, "కూసో సేటూ" అన్నాడాయన. దస్తగిరి కూర్చున్నాడు. కూర్చున్న తర్వాత గాని వెనక జానయ్య నిలబడి ఉన్నాడన్న సంగతి గుర్తుకు రాలేదు.

ఇంతకు ముందే గేటు దగ్గర జానయ్య అన్నాడు, "మామా, నేను బండి కాడనే ఉంటగానీ నువ్వు పోయిరా. లోడింగు కాడికెంచి సక్కగ వచ్చిన, అంగీ సూడు ఎట్లున్నదో" అని.

"నువ్వు లేకుంటె ఎట్లరా, సగం నీది గద" అని దస్తగిరే చెయ్యి పట్టి లోపలికి తీసుకొచ్చాడు.

సగం అన్నది మర్యాదకు అన్న మాట కాదు. బత్తాయి తోటలు గుత్తకు పట్టడం, పట్నం మండీలో బేరం కుదర్చడం దస్తగిరి పని. కాయ తెంపే మనుషులు, కాయ మోసే డీసీఎం బండి జానయ్యవి. నోటిమాట మీద సాగుతున్న ఈ పొత్తును ఇప్పుడు కాగితం మీద పెట్టాల్సి వచ్చింది. మార్కెట్ యార్డులో కొత్తగా కట్టిన షెడ్లు రిజిస్టరైన ఫర్ములకే ఇస్తామన్నారు. నెలాఖరులోపు సర్టిఫికెట్ పెట్టకపోతే షెడ్డు లేదు. షెడ్డు లేకపోతే ఎప్పటిలాగే ఇంకొకరి అరుగు మీద కాయ పోసుకుని, వాళ్లు ఎంత తరుగు తీస్తే అంత తలవంచుకుని ఒప్పుకోవాలి.

సునీల్ సారు ఫైలు దగ్గరికి లాక్కున్నాడు. తాడు విప్పలేదు. అట్ట మీద రాసింది మాత్రం చదివాడు.

"డి.జె. ఫ్రూట్స్. డీజేనా? పెండ్లిళ్లల్ల పాటలు పెడ్తరా ఏంది సేటూ?"

పక్క బల్లవాళ్లు నవ్వారు. దస్తగిరి కూడా నవ్వాడు. కొనేవాడు నవ్వితే అమ్మేవాడు దానికి పిడికెడు కలిపి నవ్వాలన్నది అతను యార్డులో నేర్చిన మొదటి పాఠం.

"డి అంటే నేను సార్, దస్తగిరి. జె అంటే జానయ్య. మా పార్టనర్."

"మీ చుట్టమా?"

"కాదు సార్, మా ఊరాయన."

సారు కుర్చీలో వెనక్కి వాలి గొంతు తగ్గించాడు. "నీ మంచికే చెప్తున్న సేటూ. ఇయ్యాల్రేపు ఎవన్ని పడితే వాన్ని పార్టనర్ అని ఎక్కించుకుంటున్నరు. మొన్న ఒగాయన గట్లనే చేసుకున్నడు. నిన్న మొన్నటిదాంక ఆయన ఇంట్ల గొడ్లు కాసినోడు, ఇప్పుడు సమానం సమానం అంటడు. ఇగ ఆయన మా సుట్టూ తిరుగుతుండు." అని ఆగి, దస్తగిరి భుజం మీదుగా వెనక్కి చూశాడు. జానయ్య భుజం మీద ఎండుగడ్డి పోచ ఒకటి అంటుకుని ఉంది. బత్తాయి పసరు మరకలతో అంగీ ముందు భాగమంతా నల్లబడింది. "గీయన ఎవరు?"

వ్యాపారంలో ఉన్నవాడు కుప్పంతా ఒకేసారి విప్పి చూపించడు. కొనేవాడి ముఖం చూసి, పైన ఏ కాయ పెట్టాలో, అడుగున ఏది దాచాలో చూసుకుంటాడు. దస్తగిరి ఆలోచించలేదు. చెయ్యి దానంతటదే పోయి కాయను అడుగుకు తోసినట్టు, నోరు దానంతటదే పలికింది.

"మా మనిషి సార్."

సారు తల ఊపాడు. "అట్లనా. ఓయ్, గేటు పక్కన హోటల్ ఉన్నది సూడు. నాలుగు చాయ్ చెప్పు. చెప్పుడు కాదు, పట్టుకొనిరా. వాడు పంపిచ్చేటాళ్లకు సల్లగైతయి."

దస్తగిరి కదలలేదు. వెనక్కి తిరిగితే జానయ్య ముఖం చూడాలి. చూస్తే ఏదో ఒకటి అనాలి. "కాదు సార్, ఈయనే జానయ్య" అనడానికి ఒక్క క్షణం పట్టదు. కానీ అంటే, ఇందాక చెప్పింది అబద్ధమని తనే ఒప్పుకోవాలి. ఫైలు ఇంకా తాడు కూడా విప్పుకోలేదు. రెండో మాట ఏదో వెతుక్కునే లోపల జానయ్య చెప్పుల చప్పుడు గుమ్మం దాటిపోయింది.

సునీల్ సారు ఫైలు తెరవకుండానే చిన్న కాగితం ముక్క మీద కొర్రీలు రాయడం మొదలుపెట్టాడు. కిరాయి కాగితం నోటరీ లేదు. కరెంటు బిల్లు పాతది. పేరులో పొడి అక్షరాలు ఎందుకో వివరణ ఇవ్వాలి. నోటరీ లోపల ఉందని దస్తగిరి అనబోయాడు గానీ, ఉన్నదాన్ని లేదని రాసేవాడితో వాదిస్తే లేనివి ఇంకో నాలుగు రాస్తాడు. ఊరుకున్నాడు. ఫైలులో మూడో కాగితం మీద ఇద్దరి ఫోటోలూ పక్కపక్కన అంటించి ఉన్నాయి. సారు ఆ కాగితం దాకా పోతే బాగుండునని, పోకపోతేనే బాగుండునని, రెండూ ఒకేసారి అనిపించాయి అతనికి.

జానయ్య గాజు గ్లాసుల తీగ బుట్ట పట్టుకుని వచ్చాడు. ముందు సారుకు, తర్వాత పక్క బల్లల వాళ్లకు ఇచ్చాడు. చివరి గ్లాసు దస్తగిరి ముందు చాచాడు. దస్తగిరి దాన్ని అందుకున్నాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నా, మా మనిషి అన్న మాట కంటే ఈ గ్లాసు అందుకోవడమే ఎక్కువ మంటగా తగిలింది. మాట జారిందనుకోవచ్చు. చెయ్యి ఎట్లా జారుతుంది?

"గురువారం రా సేటూ. గా రెండో పార్టనర్‌ను గూడ తోల్కరా. రిజిస్ట్రార్ మేడమ్ ముంగట ఇద్దరు సంతకం పెట్టాలె" అన్నాడు సారు చాయ్ ఊదుకుంటూ.

జానయ్య ఖాళీ బుట్ట పట్టుకుని గ్లాసుల కోసం గోడ పక్కన నిలబడి ఉన్నాడు. ఆ మాట విన్నాడు.

బండి ఊరి దారి పట్టింది. మామూలుగా స్టీరింగు పట్టుకున్నంతసేపూ జానయ్య ఏదో ఒకటి చెబుతూనే ఉంటాడు. ఎవరి తోట పూత రాలిందో, ఎవరి బోరు ఎండిందో. ఆ రోజు క్లచ్చు తొక్కిన చప్పుడు తప్ప ఏమీ లేదు. దేవరకొండ మలుపు దాటాక, రోడ్డు మీద నుంచి చూపు తీయకుండానే అడిగాడు.

"గురువారం నేను రావాల్నా, లేకుంటె ఇంకెవలనన్న తెచ్చుకుంటవా?"

"గదేం మాటరా?"

"ఏం లే. చాయ్ తెచ్చేటోడు సంతకం పెడితె సారు పరేషాన్ అయితడేమో అని."

దస్తగిరి, "వాని నోరు ముయ్యనీకి అట్లన్నరా. పని కావాలె గద" అన్నాడు. అనగానే తెలిసింది, ఆ మాట తూకానికి నిలబడదని. జానయ్య గేరు మార్చాడు. దారి పొడుగునా ఒక్కసారి కూడా మామా అనలేదు.

ఇంటి ముందు బండి ఆగింది గానీ ఇంజను ఆగలేదు. దస్తగిరి భార్య మెహ్రీన్ తలుపు దగ్గరికి వచ్చి చూసింది. పట్నం నుంచో జిల్లా నుంచో వచ్చినప్పుడల్లా జానయ్య దిగి, వాకిట్లో కాళ్లు కడుక్కుని, ఉన్నదేదో తిని పోవడం అలవాటు. ఆమె రెండు కంచాలు ఆసరికే కడిగి పెట్టింది.

"జానన్న పోయిండేంది? తిననే లే" అంది.

"తొందరున్నదంట."

"తోట రేపు గద తెంపేది. ఏం తొందర?"

దస్తగిరి చేతులు కడుక్కుంటూ ఉండిపోయాడు. ఆమె రెండో కంచం తిరిగి గూట్లో పెట్టలేదు, అక్కడే ఉంచింది. "నువ్వేమన్న అన్నవా ఆయనను?"

"నేనేమంట? ఏమనలే."

మెహ్రీన్ అతని ముఖం వంక ఒకసారి చూసి, అన్నం వడ్డించింది. మళ్లీ అడగలేదు. భార్య ఇంకోసారి అడిగితే కోప్పడి బయటపడవచ్చు. అడగకపోవడంతో ఆ దారీ లేకపోయింది.

మర్నాడు కల్వకుర్తి రోడ్డు మీది తోటలో తెంపు. చెట్ల కింద ఎండ ఇంకా పడలేదు. తెంపేవాళ్లు కొమ్మ విరగకుండా కాయను అరచేతిలో పట్టి, ఒక్క మెలిక తిప్పి, గంపలో వేస్తున్నారు. గట్టు మీద ఆడవాళ్లు కూర్చుని పెద్దకాయ, నడిమి కాయ, మచ్చకాయ అని మూడు కుప్పలు చేస్తున్నారు. జానయ్య బండిలోకి ఎక్కి, అడుగున గడ్డి పరుస్తున్నాడు. మూలల్లో మందంగా, నడుమ పలచగా. పక్క రేకులకు కూడా గడ్డి నిలబెట్టి, దాన్ని మోకాలితో ఒత్తుతున్నాడు. గుంతలో బండి ఎగిరితే ముందు దెబ్బ తినేది మూల కాయలే.

దస్తగిరి బండి పక్కకు వచ్చి నిలబడ్డాడు. క్షమించమనే మాట అతను ఎవరితోనూ అని ఎరగడు. వ్యాపారంలో తప్పు జరిగితే క్షమాపణ అడగరు, తరుగు ఇస్తారు. కాయ చెడిపోతే ధర తగ్గిస్తారు. ఆ లెక్కే అతనికి తెలుసు. రాత్రంతా ఏం ఇవ్వాలా అని చూసుకుని, ఒకటి దొరికిందనుకున్నాడు.

"జానయ్యా, షెడ్డు వచ్చినంక బోర్డు రాయిస్తం గద. నీ పేరు ముందల పెడ్దామా? జానయ్య, దస్తగిరి అని. డీజే అన్న లొల్లి గూడ ఉండదు."

జానయ్య గడ్డి ఒత్తడం ఆపలేదు. "జె.డి. అయితది. జేడీ అంటె వ్యవసాయ సారు అనుకుంటరు జనం" అన్నాడు. కింద గంప అందిస్తున్న ఎస్తేరు, అతని భార్య, ఫక్కున నవ్వింది. దస్తగిరి కూడా నవ్వబోయాడు. జానయ్య మాత్రం నవ్వలేదు. "బోర్డు సదివేటోళ్లకు పేరు ముందలున్నా ఎనకున్నా ఒకటే. నిలబడ్డోన్ని సూసి అడిగినప్పుడు ఏం చెప్తమన్నదే ఉంటది."

ఎస్తేరు నవ్వు ఆగిపోయింది. ఆమె మొగుడి వంక, దస్తగిరి వంక మార్చి మార్చి చూసి, ఖాళీ గంప ఎత్తుకుని చెట్లలోకి పోయింది. ఆమెకు ఇంకా ఏమీ చెప్పలేదని దస్తగిరికి అర్థమైంది. తన పరువును ఆ ఇంట్లో జానయ్యే దాచి పెట్టాడు.

మధ్యాహ్నం బువ్వ వేళ జానయ్య తెంపేవాళ్లతో కలిసి కూర్చున్నాడు. దస్తగిరి టిఫిను డబ్బా బండి పక్క నీడలో విప్పుకున్నాడు. మెహ్రీన్ ఇద్దరికి సరిపడా పంపింది. మిగిలింది మిగిలినట్టే మూత పెట్టాడు.

గురువారం జానయ్య ఇస్త్రీ చేసిన తెల్లంగీ వేసుకుని వచ్చాడు. ఆదివారం చర్చికి వేసుకునేది. జుట్టు తడిపి దువ్వుకున్నాడు. గేటు దగ్గర బల్ల వేసుకుని దస్తావేజులు రాసే కాటమయ్య, కళ్లద్దాల పైనుంచి చూసి, "ఈ పూట కొర్రీలు లేకుంట సక్కగ పెట్టిన. లోపట మీరు జర మాట కలుపుకోండ్రి. కాగితం ఒక తీరు, మాట ఒక తీరు ఉంటేనే వాళ్లకు పండుగ" అన్నాడు. మామూలుగా అందరికీ చెప్పే మాటే. దస్తగిరికి మాత్రం తనను చూసి అన్నట్టే తోచింది.

సునీల్ సారు తల ఎత్తాడు. జానయ్యను గుర్తుపట్టాడు. "ఏందిరో, ఇయ్యాల పెండ్లికొడుకోలె వచ్చినవ్? పో, చాయ్ పట్టుకరాపో. సేటూ, నీ పార్టనర్ ఏడి?"

దస్తగిరి కూర్చోలేదు. కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు. "ఈయనే సార్. ఈయనే జానయ్య."

సారు మొదట నవ్వాడు. తర్వాత నవ్వు పోయింది. మొదటిసారి ఫైలు తాడు విప్పి, కాగితాలు తిప్పి, ఫోటోల దగ్గర ఆగాడు. ఫోటో వంక, మనిషి వంక చూశాడు.

"నన్ను ఎడ్డోన్ని చేద్దామనుకున్నవా సేటూ? మొన్న నీ నోటితోనే మా మనిషి అన్నవ్. గీళ్లంత విన్నరు. నీ జీతగాన్ని పార్టనర్ అని రాసి తెస్తవా? లోన్ల కోసమా, సబ్సిడీ కోసమా? బినామీ అంటరు దీన్ని."

"కాదు సార్, మొన్న ఏదో మాట..."

"మాటనే కావాలె మాకు." సారు పెన్ను తీసి, నోటు కాగితం మీద గుండ్రంగా రాశాడు. రాస్తూ పైకి చదివాడు కూడా. "రెండవ భాగస్వామి మొదటి భాగస్వామి వద్ద పనివాడుగా తోచుచున్నది. విచారణ అవసరం." విచారణ అంటే నెలాఖరు దాటిపోతుంది. షెడ్డు పోతుంది. తన నోటి నుంచి వచ్చిన మాట సర్కారు భాషలోకి మారి, ముద్ర పడబోతూ ఉంటే దస్తగిరి చూస్తూ నిలబడ్డాడు. ఆ కాగితం మీద రాసింది తప్పని ఎవరితో అనగలడు? చెప్పింది తనే.

సారు ఫైలు తీసుకుని మేడమ్ గదిలోకి పోయాడు. ఇద్దరినీ లోపలికి పిలిచారు.

మేడమ్ కాగితాలు నెమ్మదిగా, మొదటి నుంచి చివరి దాకా చూసింది. నోటు మీద రాసిన రెండు వాక్యాలు రెండుసార్లు చదివింది. తర్వాత దస్తగిరి వైపు తిరిగింది.

"ఈయనను మీరు మా మనిషి అని చెప్పిండ్రా?"

"చెప్పిన మేడమ్."

"ఎందుకు చెప్పిండ్రు?"

ఇదొక్కటే ప్రశ్న. దానికి జవాబు దస్తగిరి దగ్గర ఉంది. రెండు రాత్రులు పక్క మీద దొర్లి దొర్లి తేల్చుకున్నదే. సారు కుర్చీ వేసిండు, ఆ కుర్చీ పోతదని భయపడ్డ మేడమ్. ఈయన అంగీ చూసి సిగ్గుపడ్డ. అంతే. ఆ మాట ఇక్కడ, జానయ్య వినేటట్టు అంటే సరిపోతుంది. పెదవులు కదిలాయి. సునీల్ సారు చేతులు కట్టుకుని చూస్తున్నాడు. దస్తగిరి చూపు మేడమ్ బల్ల మీద ఉన్న ముద్రల పెట్టె మీదికి పోయి, అక్కడే ఆగిపోయింది.

"మా దిక్కు గట్లనే అంటం మేడమ్" అన్నాడు జానయ్య.

మేడమ్ అతని వైపు చూసింది.

"మా మనిషి అంటె మా ఇంటి మనిషి అని. పరాయోళ్లను అనం. మా నాయిన సచ్చిపోయిన్నాడు ఈయన పెట్టెకు బుజం పెట్టిండు. సాయబు అయ్యుండి మా గోరీల కాడికి నడిచొచ్చి మన్నేసిండు. గందుకే మా మనిషంటడు."

"మరి చాయ్ తెమ్మంటె తెచ్చిండు గద మేడమ్! పార్టనర్ అయితె తెస్తడా?" అన్నాడు సునీల్ సారు.

"సారు అడిగిండు, తెచ్చిన. చాయ్ తెస్తెనే జీతగాడు అయితె మేడమ్, మా ఇంట్ల పొద్దుగాల నేనే జీతగాన్ని." మేడమ్ పెదవుల మీద చిన్న నవ్వు కదిలింది. జానయ్య చెయ్యి పెట్టి ఫైలు వైపు చూపించాడు. "సగం పెట్టుబడి నాది. బండి ఆర్సీ నా పేరు మీదున్నది, ఫైలు ఎనక పెట్టిండ్రు. సూడుండ్రి."

ఆమె చూసింది. నోటు మీద రాసిన రెండు వాక్యాలకు అడ్డంగా ఒక గీత గీసి, పక్కన సంతకం చేసింది. ఇద్దరి చేత సంతకాలు పెట్టించింది. జానయ్య తన పేరును ఒక్కో అక్షరం ఆపి ఆపి రాశాడు. దస్తగిరి సంతకం వంకరపోయింది. సాయంత్రం లోపల సర్టిఫికెట్ ఇచ్చేయమని సారుకు చెప్పింది మేడమ్. సారు "అట్లనే మేడమ్" అన్నాడు. ఆయన మీద మచ్చ కూడా పడలేదు. ఆ గదిలో తల వంచుకున్నది ఒక్కరే.

సర్టిఫికెట్ చేతికి వచ్చేసరికి ఎండ వాలింది. కాటమయ్య బల్ల మీద కాగితాలు సర్దుకుంటూ, "మిఠాయి ఏదయ్యా?" అని అరిచాడు. దస్తగిరి వినిపించుకోలేదు. బండి దగ్గర జానయ్యను అందుకున్నాడు.

"నన్ను నిలబెట్టినవ్ రా జానయ్యా."

"నిన్నెక్కడ నిలబెట్టిన? షెడ్డును నిలబెట్టిన. సగం నాది గద."

"మా దిక్కు గట్లనే అంటం అంటివి. ఆ మాట..."

"అబద్దమే." జానయ్య బండి తాళం తీశాడు. "మా నాయిన సంగతి మాత్రం నిజం. గదొక్కటి ఆసరున్నది గాబట్టి నోరొచ్చింది."

"లోపట నేనే చెప్పాల్సుండె. చెప్పనీకే నోరు తెరిచిన. రాలే."

"ఎరుకే. సూసిన."

దస్తగిరి ఇంకేదో అంటాడేమోనని జానయ్య కాసేపు ఆగాడు కూడా. అటు పక్కకు తిరిగి పోయి, స్టీరింగు ముందు కూర్చుని, లోపలి నుంచి ఈ పక్క తలుపు గొళ్లెం తీశాడు.

"ఎక్కు సేటూ. పొద్దు పోతాంది, తోట కాడ మనుషులు ఎదురు చూస్తుంటరు."

గొంతులో వెటకారం ఉందేమోనని దస్తగిరి వెతికాడు. లేదు. యార్డులో పెద్ద వ్యాపారిని ఎట్లా పిలవాలో అట్లా పిలిచాడు, గౌరవంలో పిసరు తగ్గకుండా. ఆ పిలుపు కోసమే ఇన్నేళ్లు తెల్లని లాల్చీలు కుట్టించుకున్నాడు దస్తగిరి.

ఎక్కి కూర్చుని తలుపు లాగాడు. అది సరిగ్గా పడలేదు. జానయ్య అతని మీదుగా వంగి, ఎక్కడా తగలకుండా చెయ్యి చాచి, తలుపు మళ్లీ తెరిచి గట్టిగా వేశాడు.